ముందు ఎత్తండి, తర్వాత బిల్లు పంపండి

సముద్రమే లేని ఊళ్లలో కూర్చొని బీచ్ గురించి రాయడమేంటని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మదనపల్లె నుంచి సముద్రం చూడాలంటే సుమారు 250 కిలోమీటర్లు చెన్నై దాకా పోవాల్సిందే. పుంగనూరు వాళ్లకూ రవంత అటూ ఇటుగా అంతే దూరం. కుప్పం వాళ్లకు రైలుంది కాబట్టి నిద్రపోతూ పోవచ్చు, అదొక్కటే తేడా. మన కాలేజీలో బీచ్ అనే మాట గట్టిగా వినిపించేది ఫైనలియర్ టూర్ ప్లాన్ వేసేటప్పుడే.

అయినా ఈ సంచికకు అదే రాస్తున్నా. ఎందుకంటే బీచ్ మీద అడిగితే టీవీల్లోకి ఎక్కే ఒక ప్రశ్న, మన చెరువు కట్ట మీద అడిగితే ఎవరికీ పట్టదు. ఆ ప్రశ్న ఇది: అందరూ తిరిగే చోట ప్రమాదకరమైన చెత్త వచ్చి పడితే, దాన్ని తీయించే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? వేసినవాడా, ఊరా, రాష్ట్రమా, లేకపోతే శనివారం పొద్దున పల్చటి గ్లౌజులు తొడుక్కుని వచ్చే మనలాంటి విద్యార్థులా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ముందు స్థానిక ప్రభుత్వమే డబ్బు పెట్టాలి. పని తెలిసినవాళ్లతో వెంటనే తీయించాలి. ఆ తర్వాత వేసినవాడిని వెతికి పట్టుకుని వడ్డీతో సహా వసూలు చేయాలి. ఈ వరస తిరగబడితే, అంటే వేసినవాడు దొరికేదాకా ఆగుదాం అనుకుంటే, చెత్త చెత్తగానే ఉంటుంది. తెగేది మాత్రం మన కాళ్లు.

మన నీళ్లు కూడా అక్కడికే

సముద్రం మనకు దూరం కావచ్చు కానీ మన నీళ్లకు దూరం కాదు. మదనపల్లె పక్కన పారే బాహుదా పోయి చెయ్యేరులో కలుస్తుంది, చెయ్యేరు పెన్నలో కలుస్తుంది, పెన్న నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతంలో కలుస్తుంది. పుంగనూరు వైపు నీళ్లు కౌండిన్య పట్టుకుని పలమనేరు, గుడియాత్తం మీదుగా పాలారులోకి పోతాయి. కుప్పం మీదుగా పోయే పాలారు కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, మన జిల్లాలో కొంత దూరం నడిచి, తమిళనాడులోకి దిగి, చెన్నైకి దక్షిణాన సముద్రంలో కలుస్తుంది. మూడు ఊళ్లు, మూడు దారులు, చివర్లో ఒకటే బంగాళాఖాతం.

"మన వంకల్లో నీళ్లెక్కడివిరా" అని నవ్వేవాళ్లుంటారు. ఏడాదిలో పది నెలలు అది నిజమే. మిగతా రెండు నెలల సంగతి 2021 నవంబర్‌లో చూశాం. ఆ నెల 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ప్రాణాలు పోయాయి, ఇళ్లు కొట్టుకుపోయాయి, పొలాల మీద ఇసుక మేటలు వేసింది. అట్లాంటి రోజున వంకలో ఏం వేసి ఉంటే అది దిగువకు పోతుంది. ఎండాకాలంలో వంకలో పారేసింది మాయమైపోయిందని అనుకుంటాం, అది వానొచ్చేదాకా వెయిట్ చేస్తుంది, అంతే.

కాబట్టి బీచ్ మీద చెత్త అనేది పూర్తిగా వేరేవాళ్ల గోల కాదు. సరే, ఇప్పుడు అసలు బీచ్ దగ్గరికి పోదాం.

పేరున్న చెత్త

2025 మే 25న ఎమ్మెస్సీ ఎల్సా 3 అనే కంటైనర్ ఓడ కొచ్చి తీరానికి దూరంగా మునిగిపోయింది. అందులో 640 కంటైనర్లు ఉన్నాయి. వాటిలో 13 కంటైనర్లలో ప్రమాదకరమైన సరుకు ఉందని, మరో 12 కంటైనర్లలో కాల్షియం కార్బైడ్ ఉందని అధికారులు ప్రకటించారు. కార్బైడ్ అంటే మన జిల్లావాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మామిడికాయలు తొందరగా మాగాలని దొంగచాటుగా పెట్టే గడ్డ అదే. నీళ్లు తగిలితే ఎసిటిలిన్ గ్యాస్ వస్తుంది. వెల్డింగ్ షాపులో భగ్గున మండేది ఆ గ్యాసే. అలాంటి సరుకున్న ఓడ సముద్రంలో మునిగింది.

తర్వాతి రోజుల్లో కంటైనర్లు కొల్లం, అలప్పుళ తీరాలకు కొట్టుకొచ్చాయి. తిరువనంతపురం వైపు ఇసుకలో తెల్లటి ప్లాస్టిక్ గింజలు పేరుకుపోయాయి. వాటిని నర్డిల్స్ అంటారు. మన బకెట్లు, కుర్చీలు, పైపులు అన్నీ అలాంటి గింజలు కరిగించి చేసేవే. ఒక్కోటి కందిగింజంత కూడా ఉండదు. ఇసుకలో కలిసిన వాటిని ఏరాలంటే జల్లెడ పట్టాల్సిందే.

కేరళ ప్రభుత్వం మొదట ఏం చెప్పిందో గమనించండి. ఒడ్డుకొచ్చిన కంటైనర్లను ముట్టుకోవద్దు, కనీసం 200 మీటర్ల దూరంలో ఉండండి, ఫోన్ చేయండి అంది. రండి అందరం కలిసి ఎత్తుదాం అనలేదు. వేట ఆగిపోయిన మత్స్యకార కుటుంబాలకు వెయ్యి రూపాయలు, ఆరు కిలోల బియ్యం ప్రకటించింది. అది చాలా చిన్న సాయం, ఒప్పుకుంటా. కానీ ఓడ కంపెనీ చెక్కు వచ్చేదాకా ఆగండని మాత్రం అనలేదు. తర్వాత హైకోర్టుకు పోయి 9,531 కోట్ల రూపాయల నష్టపరిహారం అడిగింది. కోర్టు అదే గ్రూపుకు చెందిన ఇంకో ఓడను విళింజం రేవులో ఆపించింది. హామీ కట్టకుండా కదలడానికి లేదంది.

వరస చూశారు కదా. ముందు జనాన్ని దూరంగా ఉంచడం, తర్వాత తీయించడం, ఆ తర్వాత బిల్లు. బిల్లు కట్టించుకోవడానికి చేతిలో ఒక పట్టు ఉండాలి కాబట్టి ఓడను ఆపడం.

ఓడ విషయంలో ఇది కుదిరింది ఎందుకంటే ఓడకు పేరుంటుంది, జెండా ఉంటుంది, బీమా ఉంటుంది. మునిగిన ఓడల శిథిలాలు తీయించే బాధ్యత ఓనరుదేనని 2007లో నైరోబీలో ఒక అంతర్జాతీయ ఒప్పందం కూడా రాసుకున్నారు. చెత్తకు కూడా చిరునామా ఉండడం అంటే ఇదే.

బకెట్లు, మగ్గులు

చిరునామా తెలిసినా అన్నిచోట్లా పని ఇంత పద్ధతిగా జరగదు. దానికి మనకు దగ్గర్లోనే ఉదాహరణ ఉంది.

2017 జనవరి 28న తెల్లవారుజామున చెన్నై ఉత్తరాన ఎన్నూరు దగ్గర కామరాజర్ పోర్టు బయట రెండు ఓడలు గుద్దుకున్నాయి. ఒకటి బీడబ్ల్యూ మేపుల్, రెండోది డాన్ కాంచీపురం. మొదట్లో పోర్టు వైపు నుంచి చమురు కారలేదన్నారు. తర్వాత నల్లటి జిగురు ఒడ్డుకొచ్చి రాళ్లకు అట్టకట్టింది. పంపులు పెట్టి లాగబోతే ఆ చిక్కదనానికి అవి సరిగా పనిచేయలేదు. చివరికి మనుషులు వరసగా నిలబడి బకెట్లతో తోడారు. అందులో మత్స్యకారులున్నారు, కోస్ట్ గార్డు వాళ్లున్నారు, మనలాంటి కాలేజీ విద్యార్థులూ ఉన్నారు. ఆ ఫోటోలు దేశమంతా చూసింది. కొందరు మెచ్చుకున్నారు, కొందరు నవ్వారు. అంత పెద్ద పోర్టు పక్కన ప్లాస్టిక్ బకెట్లేంట్రా అన్నారు.

2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను వరదలో మళ్లీ అదే ఎన్నూరు. ఈసారి రిఫైనరీ వైపు నుంచి వచ్చిన చమురు వరద నీళ్లతో కలిసి ఎన్నూరు క్రీక్‌లోకి చేరింది. మళ్లీ మత్స్యకారులే పడవల్లో కూర్చొని మగ్గులతో తోడారు. ఆరేళ్ల తర్వాత బకెట్టు పోయి మగ్గు వచ్చింది.

ఇంజనీరింగ్ చదివే మనం ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆ రెండుసార్లూ టెక్నాలజీ లేక బకెట్టు పట్టుకోలేదు. ముందుగా డబ్బు పక్కన పెట్టి, పరికరాలు కొని ఉంచి, ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో రాసుకుని, ఏడాదికోసారి రిహార్సల్ చేసి ఉండాల్సింది. తయారీ లేనిచోట ఆ లోటు పూడ్చేది పేదవాడి చేతులే. అతని చర్మం, అతని ఊపిరితిత్తులు.

విశాఖ లెక్క

మన రాష్ట్రంలో బీచ్ అనగానే విశాఖ గుర్తొస్తుంది. 2022 ఆగస్టు 26న అక్కడ పెద్ద ఎత్తున బీచ్ శుభ్రం చేసే కార్యక్రమం జరిగింది. దాదాపు 20 వేల మంది పాల్గొన్నారని, 76 టన్నుల ప్లాస్టిక్ ఎత్తారని ముఖ్యమంత్రి ప్రకటించారు. మంచి పని, కాదనను. సరదాగా ఒక భాగహారం వేస్తే తలకు నాలుగు కిలోలకు దగ్గర. ఒక మనిషి ఒక పూట నాలుగు కిలోల చెత్త ఎత్తాడు. మర్నాడు పొద్దున అలలు మళ్లీ తెచ్చి పెట్టింది ఎవరెత్తారు? రోజూ ఎత్తేది జీవీఎంసీ కార్మికులే, ఆ జీతాలు ఇచ్చేది కార్పొరేషనే.

అదే నగరంలో రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. 2025 మార్చిలో నిర్వహణ బాగాలేదని ఆ జెండాను తాత్కాలికంగా దించేశారు. గోల అయ్యాక సరిచేసి మళ్లీ ఎగరేశారు. జెండా సంపాదించడం ఒక రోజు పని, నిలబెట్టుకోవడం ప్రతి రోజు ఖర్చు. ఆ ప్రతి రోజు ఖర్చు బడ్జెట్‌లో ఒక గీతగా ఉంటేనే అది జరుగుతుంది.

2020 అక్టోబర్‌లో ఎమ్‌వీ మా అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ వాయుగుండం గాలికి లంగరు తెగి తెన్నేటి పార్కు దగ్గర రాళ్లలోకి వచ్చి ఇరుక్కుంది. దాన్ని రెస్టారెంట్ చేద్దామన్న మాటే అందరూ గుర్తుపెట్టుకున్నారు. సెల్ఫీలు దిగారు. అసలు ముఖ్యమైన పని దానికి ముందు జరిగింది. ఓడలోని సిబ్బందిని దించాక, ట్యాంకుల్లో ఉన్న ఇంధనాన్ని జాగ్రత్తగా బయటికి తీశారు. ఆ డీజిల్ కారి ఉంటే అక్కడ సెల్ఫీ దిగేవాడే ఉండడు. తెలిసినవాళ్లతో టైముకు చేయించిన పని ఎవరికీ గుర్తుండదు. అదే దాని గొప్పతనం.

కోర్టు చెప్పింది, కాలం గడిచింది

"కాలుష్యం చేసినవాడే కట్టాలి కదా, మన పన్ను డబ్బు ఎందుకు పెట్టాలి?" ఈ ప్రశ్న క్లబ్ మీటింగ్‌లో పెడితే నూటికి తొంభై మంది ఇదే అంటారు. నేను కూడా అంటాను. చేసినవాడే కట్టాలి. సుప్రీంకోర్టు 1996లోనే ఆ మాట రెండు తీర్పుల్లో చెప్పింది.

మొదటిది రాజస్థాన్‌లోని బిచ్రి గ్రామం కేసు. రసాయన ఫ్యాక్టరీల విషం భూమిలోకి దిగి బావుల్లో నీళ్లు పాడైపోయాయి. బాగుచేసే ఖర్చు ఫ్యాక్టరీల వాళ్లే కట్టాలని కోర్టు చెప్పింది. ఆ ఖర్చు 37 కోట్ల పైచిలుకని తేలింది. వాళ్లు పిటిషన్ మీద పిటిషన్ వేస్తూ పోయారు. 2011లో కోర్టుకు విసుగొచ్చి, 12 శాతం చక్రవడ్డీతో కట్టమంది. 1996 నుంచి 2011. లెక్క పెట్టండి, 15 ఏళ్లు. తీర్పు వచ్చిన రోజు పుట్టిన పిల్లవాడు టెన్త్‌కు వచ్చి ఉంటాడు.

రెండోది మన పాలారు కేసే. కుప్పం దాటి కిందికి పోతే వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట. అక్కడి తోళ్ల ఫ్యాక్టరీల మురుగు పాలారును చంపేసిందని వేసిన కేసులో 1996 ఆగస్టు 28న జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం తీర్పిచ్చింది. కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రం మన దేశ చట్టంలో భాగమేనంది. ఒక్కో ఫ్యాక్టరీకి 10 వేల రూపాయల జరిమానా వేసింది. నష్టపోయిన రైతులకు ఎంత ఇవ్వాలో ఒక అథారిటీ 2001లో లెక్క కట్టింది. అయినా కథ ముగియలేదు. 2025 జనవరి 30న జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ ధర్మాసనం అదే పాలారు గురించి మళ్లీ తీర్పు రాయాల్సి వచ్చింది.

ఆ కొత్త తీర్పులో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. పరిహారం అందని వాళ్లకు ప్రభుత్వం ముందు చెల్లించాలి, ఆ తర్వాత కాలుష్యం చేసినవాళ్ల దగ్గర రాబట్టుకోవాలి. నష్టం పూర్తిగా పూడేదాకా వాళ్ల బాధ్యత తీరదని కూడా చెప్పింది. దాదాపు 28 ఏళ్లు ఎదురుచూశాక దేశంలోని పెద్ద కోర్టు వచ్చి నిలబడిన చోటు అది. ముందు చెల్లించు, తర్వాత వసూలు చెయ్.

పరిహారానికి పనికొచ్చిన సూత్రం శుభ్రం చేయడానికి ఎందుకు పనికిరాదు? రైతు పరిహారం కోసం ఎదురుచూడలేకపోతే, ఇసుకలో పడున్న సూది అసలే ఎదురుచూడదు.

అమెరికాలో దీనికి ఒక నిధే పెట్టుకున్నారు. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి చమురు కారి తీరం నల్లబడ్డాక, 1990లో ఒక చట్టం చేశారు. చమురు కంపెనీల దగ్గర బ్యారెల్‌కు ఇంత అని వసూలు చేసిన డబ్బుతో నిధి నడుస్తుంది. ప్రమాదం జరిగితే ఆ నిధిలోంచి ముందు తీసి శుభ్రం చేస్తారు, తర్వాత బాధ్యులకు బిల్లు పంపుతారు. అంటే మొదట పెట్టే డబ్బు కూడా ఆ వ్యాపారం చేసేవాళ్లదే.

ఇప్పుడు మన కట్ట మీదికి

ఓడకు పేరుంటుందన్నాను. రాత్రి రెండు గంటలకు చెరువు కట్ట పక్కన లోడు దించి లైట్లు ఆర్పుకుని పోయే ట్రాక్టరుకు పేరు లేదు. జెండా లేదు. బీమా సంగతి దేవుడికే తెలియాలి. మన ప్రాంతంలో ప్రమాదకరమైన చెత్త అంటే ఎక్కువగా ఈ పేరులేని రకమే.

మొదట ఒక తేడా చెప్పుకోవాలి. రేటు పడిపోయిన రోజు మదనపల్లె మార్కెట్ బయట టమాటాలు కుప్పలుగా పారబోస్తారు. కంపు కొడుతుంది, చూస్తే కడుపు తరుక్కుపోతుంది, కానీ అది ప్రమాదం కాదు. ఆవులు తింటాయి, మిగిలింది మట్టిలో కలుస్తుంది. పగలగొట్టిన ఇంటి శిథిలాల్లోని ఆస్బెస్టాస్ రేకు ముక్క అట్లాంటిది కాదు. విరిగిన చోట కంటికి కనపడని నూలు పోగులు గాల్లోకి లేస్తాయి, ఊపిరితిత్తుల్లో కూర్చుంటే లేవవు. పగిలిన ట్యూబ్‌లైటులో పాదరసం ఉంటుంది. పాత బ్యాటరీలో సీసం. గ్రానైట్ కోసినప్పుడు వచ్చే బురద ఎండితే సిలికా ఉన్న పొడి. వాడేసిన సూదుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆస్పత్రిలో సూదులు వేయడానికి గుచ్చుకోని గట్టి తెల్లడబ్బా వాడాలని 2016 నిబంధనలే చెబుతున్నాయి. అదే సూది చెరువు కట్ట మీద దొరికితే మాత్రం గోనెసంచిలో వేయిస్తాం.

మన రాష్ట్రంలో 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది. ఒక శనివారం మా బ్యాచ్‌లో ముప్పై మందిమి ఒక చెరువు కట్ట మీదికి పోయాం. ఏ ఊరన్నది వదిలేద్దాం, ఊరి పేరు కాదు ఇక్కడ విషయం. కవర్లు, గ్లాసులు ఎత్తుతుంటే బాగానే ఉండింది. మధ్యలో శిథిలాల కుప్ప వచ్చింది. రేకు ముక్కలు, గాజు, సెలైన్ పైపులు, వాటి మధ్య సిరంజీలు. మా జూనియర్ ఒకబ్బాయికి అరచేయి తెగింది. గ్లౌజు ఉండింది, అది ఉన్నట్టూ కాదు లేనట్టూ కాదు. ఆస్పత్రికి తీసుకుపోయి టీటీ ఇంజెక్షన్ వేయించాం. గాజే తెగిందా, ఇంకేమైనా గుచ్చుకుందా అని వాడు చాలా రోజులు భయపడ్డాడు.

మాతోపాటు పనిచేస్తున్న పారిశుద్ధ్య కార్మికురాలు, మా అమ్మ వయసుంటుంది, ఆమె చెప్పిన మాట నాకు మర్చిపోవాలన్నా మర్చిపోలేను. "మీరు నెలకో తూరి వస్తారు నాయనా, మేము దినామూ ఎత్తాల్సిందే కదా" అనింది. ఆమె చేతికి ఆ పల్చటి గ్లౌజు కూడా లేదు.

అప్పుడే నాకు అర్థమైంది ఏంటంటే, మున్సిపాలిటీకి డబ్బు లేదు అని మనం అనే మాట పూర్తి వాక్యం కాదు. ఖర్చు ఎట్లాగూ అవుతోంది. ఆమె చేతుల్లోంచి, మా జూనియర్ అరచేతిలోంచి అవుతోంది. ఖాతా పుస్తకంలో రాయకపోతే ఖర్చు లేనట్టు కాదు.

శ్రమదానం మంచిదే. మొక్కలు నాటడానికి, కవర్లు ఏరడానికి, గోడలకు రంగులేయడానికి పిలవండి, వస్తాం. కేరళలో 200 మీటర్ల దూరంలో ఉండమన్న జాగ్రత్తలో పదో వంతైనా ఇక్కడ చూపించండి అనే నేను అడిగేది.

డబ్బు సంగతి

డబ్బు ఎక్కడిది అన్నది నిజమైన అడ్డంకే. మదనపల్లె, పుంగనూరు మున్సిపాలిటీలు పాతవి. కుప్పం మున్సిపాలిటీకి మొదటి ఎన్నికలు జరిగింది 2021లోనే. జీతాలు, వీధి దీపాలు, తాగునీళ్ల తర్వాత మిగిలేది ఎంతో మనం ఊహించుకోవచ్చు. 2021లో క్లాప్ పథకంతోపాటు ఇళ్ల దగ్గర వసూలు మొదలుపెడితే జనం దాన్ని చెత్త పన్ను అని పిలిచారు, తిట్టుకున్నారు. 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. మా ఇంట్లో కూడా సంతోషపడ్డారు. నెలనెలా ఇంటి గుమ్మంలో నిలబడి అడిగితే ఎవరికైనా చిరాకే. ఆ పన్ను మళ్లీ తెమ్మని నేను అనడంలేదు.

నేను అనేది, వసూలు చేయాల్సిన చోటు వేరే ఉంది. పాత ఇల్లు కూల్చి కొత్తది కట్టేవాళ్లు ప్లాన్ అప్రూవల్‌కు వస్తారు కదా, ఆ శిథిలాలు ఎక్కడికి పోతాయో రాయించుకుని అక్కడే డిపాజిట్ కట్టించుకోవచ్చు. సరైన చోట దించినట్టు రసీదు తెస్తే డిపాజిట్ వెనక్కి, తేకపోతే ఆ డబ్బు ఊరి నిధిలోకి. హాస్పిటళ్లు, గ్రానైట్ యూనిట్లు, మెకానిక్ షెడ్లు లైసెన్స్ రెన్యువల్‌కు ప్రతిసారీ వస్తాయి. అక్కడ రవంత తీసిపెట్టొచ్చు. గ్రామాల్లో అయితే 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీళ్లకు, పారిశుద్ధ్యానికే వాడాలని షరతు ఉండింది. అలాంటి గ్రాంట్లలో ఒక చిన్న వాటాను ప్రమాదకర చెత్త అని పేరుపెట్టి వేరుగా ఉంచితే, దాన్ని వీధి దీపాలకు మళ్లించడానికి చేయి రాదు.

ఇంకో అభ్యంతరం ఉంది, అది కొంచెం గట్టిది. ఊరే తీయించేస్తుందని తెలిస్తే వేసేవాడికి ఇంకా అలుసు అయిపోదా? వసూలు చేయకపోతే తప్పకుండా అవుతుంది. అందుకే రెండో సగం వదలకూడదు. ఎత్తే ముందు ఫోటోలు తీయాలి, కుప్పలో దొరికిన బిల్లులు, లేబుళ్లు, బ్యాచ్ నంబర్లు జాగ్రత్త చేయాలి. సిరంజీ ప్యాకెట్ మీద బ్యాచ్ నంబరు ఉంటుంది, సిమెంట్ బస్తా మీద డీలరు ముద్ర ఉంటుంది. కట్టకు పోయే దారి ఒకటో రెండో ఉంటాయి, అక్కడ ఒక కెమెరా చాలు. దొరికిన ట్రాక్టరును కేరళ కోర్టు ఓడను ఆపినట్టు ఆపాలి, ఖర్చు కట్టాకే వదలాలి. పది కుప్పల్లో మూడింటికే ఓనరు దొరికాడనుకోండి, మిగతా ఏడు ఊరి ఖాతాలోనే పోతాయి. పోనీ. ఆ ఏడు కుప్పలు కట్ట మీదే ఉండి వానకు చెరువులో కలిసేకంటే అది చౌక. మొరవ పోయిందంటే అక్కడితో కూడా ఆగదు, ముందే చెప్పాను.

మనం చేయగలిగింది

ఇంతసేపు మున్సిపాలిటీకి చెప్పా. మనకు కూడా పనుంది, కానీ గ్లౌజుల పని కాదు. మన ఊళ్ల చుట్టూ ఉన్న చెరువు కట్టలు, వంకలు, బైపాస్ పక్క గుంతలు తిరిగి ఎక్కడ ఏం పడిందో జీపీఎస్ ఫోటోలతో మ్యాప్ చేయడం సీఎస్ఈ వాళ్లకు ఒక వారాంతం పని. కుప్ప ఎన్ని క్యూబిక్ మీటర్లు, తీయడానికి ఎంతవుతుందో అంచనా వేయడం సివిల్ వాళ్లకు మినీ ప్రాజెక్టు. ఏ చెత్తలో ఏ రసాయనం ఉందో చెప్పడం కెమిస్ట్రీ ల్యాబ్ పని. ఆ రిపోర్టు తెలుగులో, కమిషనరుకూ కౌన్సిలర్లకూ అర్థమయ్యేట్టు రాయడం మాత్రం అచ్చంగా మన సాహితీ క్లబ్ పనే. ఆఫీసుల్లో కదలిక తెచ్చేది బాగా రాసిన అర్జీ అని మా తాత అంటుండేవాడు.

వచ్చే మూడో శనివారం ఎవరైనా మిమ్మల్ని అట్లాంటి కుప్ప దగ్గరికి తీసుకుపోతే, మర్యాదగానే అడగండి. "సార్, ఇందులో ఏముందో ఎవరైనా చూశారా? ఇది తీయడానికి ఈ ఏడాది ఎంత పెట్టారు?" రెండు ప్రశ్నలకూ జవాబు వచ్చేదాకా చేయి పెట్టొద్దు. పక్కన పనిచేసే అక్కను కూడా పెట్టనివ్వొద్దు.